వెనక సీటు ఎడమ వైపు

ఇమ్మానియేలు ఏ పాటనీ చివరిదాకా విని ఎరగడు. రోజంతా పాటల మధ్యే బతికే మనిషి. గుంటూరు అరండల్‌పేటలో అతని రేకుల షెడ్డు ముందు ఆగిన ప్రతి కారులోనూ ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది. పల్లవి పూర్తి కాకముందే అతని చెయ్యి ట్రెబుల్ మీదికి పోతుంది. చరణం అందుకునేసరికి క్యాసెట్ బయటికొస్తుంది, తిరగబడి మళ్ళీ లోపలికి పోతుంది. ఒక అంబాసిడర్ డాష్‌బోర్డు విప్పి వైర్లు వేలాడుతుండగానే పక్కనున్న ఫియట్ తలుపు తీసి, స్పీకరుకి కుడి చెవి ఆనించి నిలబడతాడు. తెప్పించుకున్న టీ సగం తాగి ఏ బానెట్ మీదో మర్చిపోతాడు. ఆ గ్లాసుతో సహా ఒక కారు పొన్నూరు దాకా వెళ్ళొచ్చిందని డ్రైవర్లు చెప్పుకుంటారు. అబద్ధమే గానీ, అతన్ని చూసినవాళ్ళు నమ్ముతారు.

ఇలాంటి మనిషి గురించి రాయాల్సి వస్తే 'కష్టజీవి', 'స్వయంకృషితో పైకొచ్చినవాడు' అని మొదలుపెట్టడం మనవాళ్ళకి రివాజు. ఇమ్మానియేలు కష్టపడిన మాట నిజమే గానీ, అంతకన్నా ఎక్కువగా విసుగుపడ్డాడు. అతని జీవితాన్ని నడిపింది ఆ విసుగే. తండ్రి వెంకయ్య పర్చూరు పక్క పల్లెలో పత్తి చేలకి కూలికి పోయేవాడు. కొడుకుని మిషన్ బడిలో చదివించి టీచరు ట్రైనింగుకి పంపాలని ఆయన కోరిక. ఒకే గదిలో ఒకే పాఠం ఏటేటా చెప్పడం తన వల్ల కాదని కొడుకు మైకుసెట్లు అద్దెకిచ్చే మనిషి దగ్గర చేరాడు. పెళ్ళిళ్ళు, తిరునాళ్ళు, సువార్త కూటాలు, ఎన్నికలు. ఎవరి గొంతయినా అతనికి ఒకటే. రిక్షాలో బ్యాటరీ, ఆంప్లిఫయరు పెట్టుకుని, పక్కన కట్టిన హారనుకి ఎడమ భుజం ఆనించి ఊళ్ళన్నీ తిరిగాడు. అది విసుగెత్తి రేడియోలు బాగుచేశాడు. రేడియోలు విసుగెత్తి సినిమా హాల్లో ప్రొజెక్టరు దగ్గర చేరాడు. ఒకే సినిమా మూడు వారాలు ఆడేసరికి అక్కణ్ణించీ పారిపోయాడు.

అప్పటికి ఎనభైలు మొదలయ్యాయి. కారు ఉండటం ఒక్కటే చాలదన్న సంగతి గుంటూరు షావుకార్లకి అప్పుడే తెలిసింది. మద్రాసు బజార్ల నుంచి ఫారిన్ సెట్లు దిగాయి. క్యాసెట్ అయిపోగానే తనంతట తనే రెండో వైపు పాడేవి, ఎర్ర దీపాలు ఎగిరి పడే ఈక్వలైజర్లు, చప్పుడు రెట్టింపు చేసే బూస్టర్లు. పెట్టెలు ఎవడైనా అమ్మేవాడు. అవి కారులో కుదురుగా మోగడం వేరే సంగతి. ఇంజను రేజ్ చేస్తే పాట వెనక దోమ పాడినట్టు సన్నటి రొద వచ్చేది. డైనమోకి కండెన్సరు కట్టి, బాడీ మీద రంగు గీకి ఎర్తు వైరు గట్టిగా బిగిస్తే గానీ ఆ దోమ చచ్చేది కాదు. మిర్చి యార్డు చుట్టూ తిరిగే కార్లకి ఇంకో జబ్బు. పంట దిగే నెలల్లో ఎర్ర దుమ్ము క్యాసెట్ సందుల్లోంచి దూరి, టేపు రాసుకునే హెడ్డు మీద పొరలా పేరుకునేది. పాట ముక్కుతో పాడినట్టు వచ్చేది. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిస్తే దూది ఎర్రబడేది, తుడిచేవాడికి తుమ్ములు పట్టుకునేవి. రోజుకో కారు, కారుకో రోగం. ఇమ్మానియేలుకి కావాల్సింది సరిగ్గా అదే.

చివర్లో ఒక పని మిగులుతుంది. వాల్యూమ్ మీట వెనకే సన్నటి రింగు ఉంటుంది. అటు తిప్పితే ఎడమ స్పీకర్లు పెరుగుతాయి, ఇటు తిప్పితే కుడివి. నట్టనడుమ టిక్కుమని వేలికి తగిలే చోటు ఒకటి పెట్టారు, లెక్కకి అక్కడ రెండూ సమానం. ఆ టిక్కుని ఇమ్మానియేలు లెక్క చేసేవాడు కాదు. "జపానోడి చెవి వేరు, మన చెవి వేరు" అని డ్రైవరు సీట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని, రింగు తిప్పి ఒకచోట ఆపేవాడు. అతని చెయ్యి పడితే పాట డ్రైవరు కళ్ళెదుట అద్దం మీద నిలబడుతుందని పేరొచ్చింది. పెదకాకాని నుంచి ఒంగోలు దాకా డ్రైవర్లు తమ షావుకార్లని నస పెట్టి మరీ ఇక్కడికే తెచ్చేవాళ్ళు.

ఆ పేరు వెనక ఉన్న సంగతి ఏమిటంటే, ఇమ్మానియేలుకి ఎడమ చెవి వినబడదు.

ఎప్పుడు పోయిందో అతనికే తెలియదు. హారను పక్కన గడిచిన ఏళ్ళు దాన్ని కొంచెం కొంచెంగా తినేశాయి. ఒకరోజు ఫోను ఎడమ చెవికి పెట్టుకుని, అవతల ఎవరూ లేరని పెట్టేశాడు. మళ్ళీ మోగితే కుడి చెవికి పెట్టుకున్నాడు. అవతలి మనిషి తిడుతున్నాడు. అప్పట్నించీ మనుషుల్ని కుడి పక్కకి తెచ్చుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఎప్పుడూ నిలకడ లేకుండా తిరిగేవాడు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి మారితే ఎవరికి అనుమానం వస్తుంది? చెవిటివాడి చేత పాటలపెట్టె బిగించుకునే షావుకారు జిల్లా మొత్తం గాలించినా దొరకడు. ఈ సంగతి పొక్కితే షెడ్డుకి తాళం పడుతుంది. అందుకే దాచాడు.

అతని భార్య జయకుమారి మిషన్ బడిలో లెక్కల టీచరు. ఆమె దగ్గర దాగలేదు.

"కూర వెయ్యనా అని ఇందాకట్నించీ అడుగుతున్నాను."

"వినబడింది. ఆలోచిస్తున్నా."

"వంకాయ కూర గురించి అంత ఆలోచన దేనికి? పెద్దాసుపత్రిలో చెవి డాక్టరున్నారు. ఒక పూట సెలవు పెడతాను, పోదాం పదండి."

"ఆయన కారుకి సెట్టు బిగించింది నేనే. నన్ను ఆ గదిలో చూస్తే ఊరంతా తెలిసిపోద్ది."

"డాక్టర్లు అట్టాంటివి బయట చెప్పరు."

"డాక్టర్లు చెప్పరు. వాళ్ళ డ్రైవర్ల సంగతి నీకు తెలీదు."

అతని చేతికి అంత పేరొచ్చిన కారణం మాత్రం సులువైనది. డ్రైవరు కూర్చునేది కుడి పక్కన. కుడి స్పీకరు అతనికి దగ్గర, ఎడమది దూరం. ఇమ్మానియేలు తన చచ్చిన చెవికి సరిపెట్టుకోవడానికి ఎడమ పక్క పెంచేవాడు. దాంతో డ్రైవరుకి రెండూ సరిసమానంగా అందేవి. వెనక సీట్లో ఎడమ వైపు కూర్చునే షావుకారు చెవి పక్కనే ఆ పెంచిన స్పీకరు గీపెడుతుందన్న మాట అతనికి తోచలేదు. ఎందుకంటే ఆ చోట అతను ఎన్నడూ కూర్చోలేదు. షెడ్డుకొచ్చిన ఏ మెకానిక్కూ కూర్చోడు. స్పీకర్లు బిగించడానికి తువ్వాలు పరిచి ఆ సీటు మీద మోకాళ్ళు ఆనించవచ్చు, డిక్కీలోంచి పాకి తల పెట్టవచ్చు, నడుం ఆనించి కూర్చోవడం మాత్రం కుదరదు. అది కారు గలాయన చోటు. ఎవరూ నోటితో చెప్పని నియమం. ఊరి చివర పేటలో పుట్టిన ఇమ్మానియేలుకి ఇలాంటి నియమాలు ఒకరు చెప్పకుండానే తెలుసు. షావుకార్లలో చాలామంది మిర్చి రేట్లు మాట్లాడుకుంటూనో, గుర్రు పెడుతూనో ప్రయాణం చేసేవాళ్ళు. కాబట్టి కథ సాఫీగా నడిచింది, అంకమ్మరావు వచ్చేదాకా.

అంకమ్మరావుకి పర్చూరులో పత్తి మిల్లుంది, గుంటూరు యార్డులో మిర్చి వ్యాపారం ఉంది. అవి రెండూ ఆయనకి లెక్కలోవి కావు. ఏటా తిరునాళ్ళకి పౌరాణిక నాటకంలో రాజు వేషం వేస్తాడు, అదీ ఆయన లెక్కలోది. ఆ ఏడు నాటకాన్ని రెండు మైకులు పెట్టి రికార్డు చేయించాడు. ఒకటి తన ముందు, రెండోది హార్మోనియం ముందు. ఆ క్యాసెట్ వినడానికే అంబాసిడర్‌కి ఫారిన్ సెట్టు కొన్నాడు, దీపాల ఈక్వలైజరుతో సహా. ఆయన డ్రైవరు సుభానీ కారుని నేరుగా ఇమ్మానియేలు దగ్గరికి తెచ్చాడు. పని అయిపోయి కారు వెళ్ళింది. వారం తిరక్కుండా తిరిగొచ్చింది.

"ఏవయ్యా ఇమ్మానియేలూ, నా గొంతేదయ్యా?" అంటూ దిగాడు అంకమ్మరావు.

"ఉందిగదండీ. పెట్టి చూపిస్తా."

"నాకు హార్మోనియం ఒక్కటే వినబడతంది. నేను రాగం తీద్దామనేసరికి వాడొచ్చి మీద పడతన్నాడు. పద్యం నాదా, వాడిదా?"

"నాకు బానే ఉంది సార్" అన్నాడు సుభానీ. "మీ గొంతూ వినబడతంది, హార్మోనియం పెట్టే వినబడతంది."

"నువ్వు రోడ్డు చూడరా. నీ చెవుల సంగతి ఎవడడిగాడు?"

ఇమ్మానియేలు డ్రైవరు సీట్లో కూర్చుని విన్నాడు. పద్యం, హార్మోనియం చెరో పక్కన చక్కగా నిలబడి ఉన్నాయి. "సెట్టు సరిగ్గానే ఉందండీ. రికార్డింగులోనే ఏదో తేడా. మైకు మీకు దూరంగా పెట్టుంటారు."

"మైకు నా మీసాలకి తగిలిందయ్యా."

ఇమ్మానియేలు వాదన ఆపి స్పిరిట్, దూది తీశాడు. హెడ్డు తుడిచి ఎర్రబడ్డ దూదిని ఆయన మొహం ముందు పెట్టాడు. "చూశారా, యార్డు దుమ్ము. ఇదీ మీ గొంతు మింగేసింది." అంకమ్మరావు దూది వంక చూశాడు, తుమ్మాడు, నమ్మినట్టే కారెక్కాడు. ఎక్కి, అద్దం దించి ఒక మాటన్నాడు: "యార్డులో మావాళ్ళు నలుగురు కార్లకి సెట్లు కొని కూచున్నారు. నాది ఎట్టా మోగిద్దో చూసి పంపిస్తామన్నారు. చూసుకో మరి."

ఆ మాట ఇమ్మానియేలుని నిలవనివ్వలేదు. షెడ్డులో ఉన్న కార్లన్నిట్లోనూ తల పెట్టి రింగులు చూశాడు. తను సరిచేసిన ప్రతి కారులోనూ రింగు టిక్కు దాటి ఎడమకే ఉంది. అంబాసిడర్ బాడీలోనే ఏదో వంకర ఉందనుకున్నాడు. ఆ వంకర ఫియట్‌కీ ఉందనుకున్నాడు. కొత్తగా దిగిన మారుతీకీ ఉందని అనుకోబోయి ఆగిపోయాడు. డాష్‌బోర్డు ముందు చతికిలబడి, కుడి చెవి మూసుకుని చూశాడు. షెడ్డు, రోడ్డు, ఆటోలు, అన్నీ దుప్పటి కింద పడ్డట్టు అణిగిపోయాయి. చెయ్యి తీసేశాడు. ఆ రోజు ఏ కారూ పూర్తి కాలేదు.

ఇంటికెళితే అత్తగారు పుల్లమ్మ ఊరి నుంచి దిగి ఉంది. సంఘంలో స్త్రీల కూటానికి పెద్ద, గొంతులోనూ పెద్దే. కూతురి దగ్గర సంగతి లాగి, శుక్రవారం ఉపవాస ప్రార్థనకి పదిమంది ఆడవాళ్ళని ఇంటికి పిలిచేసింది. ఇమ్మానియేలుని నడిమింట్లో పీట మీద కూర్చోబెట్టి ఎడమ చెవి చుట్టూ నూనె రాశారు. ప్రార్థన సాగింది. ఒకామె ముగించేసరికి ఇంకొకామె అందుకుంది. దేవుడికి అన్నీ తెలుసంటూనే చెవి ఏ పక్కదో, ఎన్నాళ్ళైందో, ఏ ఆసుపత్రికి పోలేదో అంతా పూసగుచ్చినట్టు ఆయనకి చెప్పారు. ఇమ్మానియేలుకి మోకాళ్ళు పీకుతున్నాయి. షెడ్డులో సగం విప్పిన ఫియట్ ఉంది, దాని గలాయన వచ్చే వేళయింది.

పుల్లమ్మ అతని ఎడమ పక్కకి వచ్చి వంగి, ఊరంతా వినబడేట్టు అడిగింది. "వినబడతందా నాయనా?"

కుడి చెవికి వినబడింది. "వినబడుతోంది అత్తా" అని లేచి, నూనె తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లోంచి బయటపడటానికి అంతకన్నా దగ్గరి దారి అతనికి కనబడలేదు.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల వేళ వచ్చింది. దేవుడు తమకి చేసిన మేలు ఎవరైనా లేచి మైకులో చెప్పుకోవచ్చు. గుడి మైకుసెట్టు ఇమ్మానియేలు చేతిమీదే నడుస్తుంది. గోపురం మీద నాలుగు దిక్కులకీ హారన్లు కట్టింది అతనే. ఆంప్లిఫయరు పక్కన స్టూలు మీద కూర్చుని ఉండగా పుల్లమ్మ ముందుకు నడిచింది. ఏం చెప్పబోతోందో ఆమె మైకు పట్టుకున్న తీరులోనే అర్థమైంది.

"మా అల్లుడు ఇమ్మానియేలుకి ఎడం చెవి చాన్నాళ్ళుగా వినబడదు" అని మొదలుపెట్టింది పుల్లమ్మ. "భయానికి ఎవరికీ చెప్పుకోలా. లోపల్లోపల కుమిలిపోయాడు. మొన్న శుక్రవారం..."

ఇమ్మానియేలు చెయ్యి వాల్యూమ్ మీద పడింది. కొంచెం తగ్గించాడు. పాస్టరుగారు ఇటు తిరిగి, పెంచమని చేత్తో సైగ చేశారు. కూర్చున్నవాళ్ళందరూ ఇటే చూస్తున్నారు, చెమ్మగిల్లిన కళ్ళతో. పెంచాడు. గోపురం మీది హారన్లు ఆ మాటల్ని బజారు మీదికీ, ఆటో స్టాండు మీదికీ, టీ బడ్డీల మీదికీ మోసుకెళ్ళాయి. జయకుమారి తల వంచుకుని పాటల పుస్తకంలో ఏదో పేజీ వెతుకుతోంది. చెవి బాగుపడలేదని ఆమెకి మాత్రం తెలుసు.

మన దగ్గర మేలు పొందినవాణ్ణి మేలు పొందావా అని ఎవరూ రెండోసారి అడగరు. కానీ ఊరు ఆ సాక్ష్యంలో రెండో సగం వదిలేసి మొదటి సగం పట్టుకుంది. ఇన్నాళ్ళూ కార్లకి సెట్లు బిగించినవాడు చెవిటివాడంట. సోమవారం టీ బడ్డీ దగ్గర డ్రైవర్లు అతన్ని చూసి మాటలు ఆపారు. మధ్యాహ్నానికల్లా పర్చూరు అంబాసిడర్ షెడ్డు ముందాగింది.

అంకమ్మరావు దిగుతూనే నవ్వాడు. "దేవుడు బాగుచేశాడంటగా. చాలా సంతోషం. ఒకటి చెప్పు ఇమ్మానియేలూ, నా కారు బిగించింది ప్రార్థనకి ముందా, తరవాతా?"

ఇమ్మానియేలు స్క్రూడ్రైవరు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ముందు అంటే చెవిటివాడు బిగించాడని ఒప్పుకున్నట్టు. తరవాత అందామంటే తారీఖులు ఆయనకీ తెలుసు. "ముందేనండీ. ఇప్పుడు మళ్ళీ సరిచేస్తా."

"ఇక్కడ కాదు. వెనక్కొచ్చి కూచో. నేను ఏం వింటున్నానో నువ్వే విందువు గాని."

"వెనకెందుకండీ, ఇక్కడ్నించే..."

"నా సీట్లోనే కూచోవయ్యా. అరిగిపోదు."

టీ బడ్డీ నుంచి నలుగురు డ్రైవర్లు గ్లాసులతో సహా దగ్గరికొచ్చారు. ఇమ్మానియేలు చేతులు ప్యాంటుకి తుడుచుకుని, వెనక తలుపు తీసి, అంచు మీద కూర్చోబోయి, ఆయన చూస్తున్నాడని లోపలికి జరిగి ఆనుకున్నాడు. మెత్తగా దిగబడింది. ఏళ్ళ తరబడి వందల కార్లలో పనిచేశాడు గానీ ఇక్కడ్నించి రోడ్డు ఎలా కనబడుతుందో అతనికి తెలియదు. అంకమ్మరావు ఎడమ తలుపు పక్కన బయటే నిలబడ్డాడు. ముందు సీట్లోంచి సుభానీ క్యాసెట్ తోశాడు.

హార్మోనియం లేచింది. వెనక అద్దం గలగలలాడింది. గ్లాసులు పట్టుకున్న డ్రైవర్లలో ఒకడు చెవి మూసుకున్నాడు. ఇమ్మానియేలు ఊపిరి బిగబట్టి విన్నాడు. అతనికి వినబడింది అంకమ్మరావు గొంతు. కుడి పక్కనుంచి, నిండుగా, ప్రతి అక్షరం విడివిడిగా. హార్మోనియం ఎక్కడో పక్కింట్లో వాయిస్తున్నట్టుంది. ఈయన చెప్పిన గోల ఏదీ లేదిక్కడ. తొందరమనిషి, ఇంకో క్షణం ఆగినా బాగుండేది.

"బ్రహ్మాండంగా ఉందండీ" అన్నాడు. "మీ గొంతే పైకొస్తోంది. హార్మోనియం వెనక్కి పోయింది."

సుభానీ మెడ తిప్పి అతని వంక చూసి, మెల్లగా క్యాసెట్ ఆపేశాడు. డ్రైవర్లు టీ తాగడం మర్చిపోయారు. నిశ్శబ్దంలో అంకమ్మరావు కిటికీ దగ్గరికి వంగి ఏదో అన్నాడు. పెదాలు కదలడం ఇమ్మానియేలుకి ఓరగా కనబడింది.

"ఏవన్నారండీ?" అని మొహం పూర్తిగా తిప్పాడు.

"ఏం అనలేదులే. నీ పేరు పెట్టి పిలిచాను."

అద్దంలోంచి ఎండ నేరుగా మొహం మీద పడుతోంది. మాట మార్చడానికి ఇమ్మానియేలుకి దారులు చాలానే ఉన్నాయి. నూనె చెవిలో దిగిందనవచ్చు, ఎర్తు వదులైందనవచ్చు, దుమ్మనవచ్చు. ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి నాలుక దాకా వచ్చాయి. వాటిల్లో ఏది పట్టుకున్నా రేపు మళ్ళీ ఇంకోటి వెతుక్కోవాలి.

"వినబడదండీ" అన్నాడు. "ఎడమది వినబడదు. ప్రార్థనకి ముందూ వినబడలేదు, ఇప్పుడూ వినబడట్లేదు. మా అత్త అరిస్తే కుడి చెవికి వినబడి అవునన్నాను."

ఎవరో కిసుక్కుమన్నారు. అంకమ్మరావు నవ్వలేదు, జాలీ పడలేదు. కోపంగానే ఉన్నాడు. "మరి ఇన్ని కార్లు ఎట్టా బిగించావయ్యా?"

"కుడి చెవితో."

"మాకు బానే ఉండేదిగా అన్నా" అన్నాడు సుభానీ.

"నువ్వు కుడి పక్క కూచుంటావురా" అన్నాడు ఇమ్మానియేలు. అనేసి, తను అన్న మాట తనే విన్నాడు. ముందు సీటు వంకా, తను కూర్చున్న చోటు వంకా, అద్దం కింది రెండు స్పీకర్ల వంకా చూశాడు. గబుక్కున దిగాడు. "కూచోండి సార్. మీరు కూచోండి, నేను తిప్పుతా. మీరు చెప్పండి."

"నేను చెప్పడమేంటయ్యా, పనివాడివి నువ్వు."

"వినేది మీరు గదండీ."

అంకమ్మరావు గొణుక్కుంటూ తన సీట్లో కూర్చున్నాడు. ఇమ్మానియేలు ముందు ఎడమ తలుపులోంచి వంగి రింగు పట్టుకున్నాడు. పద్యం మొదలైంది. "ఇంకా... ఇంకా తిప్పు... వాణ్ణి ఇంకొంచెం తొక్కెయ్... ఆగు." రింగు టిక్కు దాటి కుడికి చాలా దూరం పోయింది. అంకమ్మరావు కళ్ళు మూసుకున్నాడు. తన రాగం తను వింటూ తొడ మీద తాళం వేసుకుంటున్నాడు. ఇమ్మానియేలుకి ఆ పద్యం చెవి పగిలేట్టుంది, హార్మోనియం జాడే లేదు. వేలు దానంతట అది వెనక్కి తిప్పబోయింది. తిప్పకుండా పట్టుకోవడం కష్టమైంది.

"సార్, ఇప్పుడు నాకు పెట్టె వినబడట్లా" అన్నాడు సుభానీ.

"నీకెందుకురా పెట్టె?"

"మిమ్మల్ని మిల్లు కాడ దించాక సాయంత్రం దాకా కార్లో ఉండేది నేనే గదా సార్."

"నేను లేనప్పుడు నా పద్యాలు పెడతావా?"

"పద్యాలు కాదు సార్. వేరేవి."

డ్రైవర్లు ఈసారి బాహాటంగానే నవ్వారు. అంకమ్మరావు మూతీ నవ్వుకి వంకర పోయింది. ఇమ్మానియేలు షెడ్డులోకి పరిగెత్తి రెండు డబ్బాల్లో పెయింటు, సన్న కుంచె తెచ్చాడు. రింగు ఆగిన చోట ఎర్రచుక్క పెట్టాడు. తరవాత సుభానీని అడిగి అతనికి కుదిరిన చోట తెల్లచుక్క పెట్టాడు. "సార్ ఎక్కితే ఎర్రది, దిగితే తెల్లది. మర్చిపోబోకు."

కారు కదలబోతుండగా అంకమ్మరావు అద్దం దించాడు. "ఈ చెవి సంగతి నీ నోటితో ఎక్కడా అనబోకు. బేరాలు పోతయ్యి."

"మీరు అనరా అండీ?"

ఆయన ఆలోచించాడు. "పర్చూరు చేరేదాకా అనను."

అన్నమాట నిలబెట్టుకున్నాడు. పర్చూరు చేరాక అన్నాడు. సెట్లు కొనుక్కున్న నలుగురూ విజయవాడ పోయి బిగించుకున్నారు. షెడ్డు ముందు కార్లు సగానికి తగ్గాయి. అంకమ్మరావు కారు మాత్రం దుమ్ము తుడిపించుకోవడానికి వస్తూ ఉండేది. పుల్లమ్మ అల్లుడికి విశ్వాసం చాలలేదని తేల్చి, ఊరికి తిరిగెళ్ళే ముందు అన్నం తినేటప్పుడు కూడా మాట్లాడలేదు. వచ్చే ఆదివారం సాక్ష్యం దిద్దుకోవాలా అని ఇమ్మానియేలు అడిగితే, పాస్టరుగారు ఆ రోజు కానుకల పండుగ ఉందన్నారు. జయకుమారి అతన్ని పెద్దాసుపత్రికి లాక్కెళ్ళింది. నరం పోయింది, రాదని చెప్పారు. బయట ఆ డాక్టరు డ్రైవరు కాచుకుని ఉన్నాడు, తన కారుకీ చుక్కలు పెట్టమని అడగడానికి.

డ్రైవర్లు ఎక్కడికీ పోలేదు. వాళ్ళ వల్లే షెడ్డు నిలబడింది. కాకపోతే ఇమ్మానియేలుకి పని నెమ్మదైంది, అది అతనికి శిక్షలా ఉండేది. సెట్టు బిగించడానికి ముందు "కారులో మీరెక్కడ కూచుంటారండీ" అని అడగాలి. చివర్లో వాళ్ళని వాళ్ళ చోట కూర్చోబెట్టి, రింగు పట్టుకుని, వాళ్ళు తేల్చేదాకా ఆగాలి. ఆ ప్రశ్న కొందరికి గిట్టేది కాదు. ఒక మోతుబరి, నా కారులో నేనెక్కడ కూచుంటే నీకెందుకని లేచి వెళ్ళిపోయాడు.

త్యాగరాజు అనే కాలేజీ మాస్టారు కొత్త మారుతీ తెచ్చుకున్నారు. తనే నడుపుకుంటారు. భార్య కనకలక్ష్మి పక్క సీట్లో కూర్చుంటుంది.

"సార్‌కి కుదర్చనా, అమ్మగారికి కుదర్చనా?" అన్నాడు ఇమ్మానియేలు.

"నడిపేది నేను గదా" అన్నారు త్యాగరాజు.

"నడిపేవారు రోడ్డు చూడాలి. పాట వినేది నేను" అంది కనకలక్ష్మి.

"క్యాసెట్లు కొన్నది ఎవరు?"

"ఏ పాట కావాలో చెప్పింది ఎవరు?"

ఇమ్మానియేలు రింగు మీద వేలు పెట్టి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకున్నాడు. ఇద్దరూ ఒక మాట మీదికొచ్చే సూచన లేదు.

"త్వరగా తేల్చుకోండి సార్" అన్నాడు. "అవతల ఫియట్ విప్పి పెట్టొచ్చాను."